ఆటలమ్మ పోస్తే మార్కులు కోస్తారా?

పిల్లల జ్వరాలు క్యాలెండర్ చూసుకుని రావు. వేసవి సెలవుల్లో వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కానీ అవి సరిగ్గా యూనిట్ టెస్టు ముందు రోజో, సైన్స్ ఫెయిర్ పొద్దునో, వార్షికోత్సవం నాడో వచ్చి కూర్చుంటాయి. ఆ జ్వరానికైతే మందుంది, నాలుగు రోజులు పడుకుంటే తగ్గుతుంది. అది తగ్గాక మొదలయ్యే మార్కుల జ్వరంతోనే అసలు తిప్పలు.

పరీక్ష తప్పిపోతే సంగతి వేరు. ఇంకో పేపరు ఇచ్చి, స్టాఫ్ రూములో ఓ మూల కూర్చోబెట్టి రాయిస్తారు. మరి తప్పిపోయింది నాటకమైతే? డాన్సయితే? బృందగానమైతే? స్టేజీ విప్పేశారు, షామియానా ఎత్తేశారు, అద్దె డ్రెస్సులు కొట్టుకు వెళ్లిపోయాయి. ఒక్క పిల్ల కోసం మళ్లీ అవన్నీ పెట్టలేరు కదా! అందుకని స్కూలువాళ్లు దాని బదులు వేరే పని ఏదో ఇస్తారు. ఆ బదులు పని ఎలా ఉండాలి? ఎంత ఉండాలి? దానికి ఎన్ని మార్కులు వేయాలి?

ఇదీ ఒక సమస్యేనా అనిపించొచ్చు. ఈమధ్య మా ఇంట్లో పదిహేను రోజులు ఇదే చర్చ నడిచింది. చూడగా చూడగా ఇది ఒక పిల్ల మార్కుల గొడవ మాత్రమే కాదనిపించింది. జబ్బు చేసిన పిల్లల్ని మనం ఇంట్లో ఉంచుతామా, మందు వేసి బడికి తోలేస్తామా అన్నదీ దీని మీదే ఆధారపడి ఉంది.

నవ్వించాల్సిన వంత

మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. తెలుగు టీచర్‌గారు ఆ టర్ములో మాట్లాడే నైపుణ్యానికి పది మార్కులు కేటాయించారు. పిల్లల్ని జట్లుగా విడదీసి, తలో జానపద కళారూపం ఇచ్చారు. వార్షికోత్సవంలో ప్రదర్శన, అక్కడే మార్కులు. నిజంగా చక్కని ఆలోచన. మన నగరాల్లో పిల్లలు పది వాక్యాలు వరసగా తెలుగులో మాట్లాడటమే గగనమైపోయింది. అలాంటిది నలుగురి ముందు మైకు పట్టుకుని తెలుగులో కథ చెప్పించడమంటే మాటలు కాదు.

మావాళ్ల జట్టుకు బుర్రకథ వచ్చింది. దానికి ముగ్గురు కావాలి. తంబురా పట్టుకుని అడుగులేస్తూ కథ నడిపేది కథకుడు. అటూ ఇటూ డక్కీలు వాయించే ఇద్దరూ వంతలు. ఒక వంత కథ మధ్యలో లోకం పోకడల మీద, రాజకీయాల మీద చురకలేస్తే, రెండో వంత నవ్విస్తాడు. షేక్ నాజర్‌గారు ఊరూరా ఈ కళతో జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా పిల్లకు దక్కింది నవ్వించే వంత పాత్ర.

ఇక చూస్కోండి, నెల రోజులు ఇల్లంతా మోతే. డక్కీ దొరక్క మా అమ్మ పోపు డబ్బా పట్టుకుంది. నేను వారాంతంలో వాళ్లింటికి వెళ్లి ఏదైనా చెప్పబోతే, ప్రతి వాక్యానికీ అడ్డొచ్చి 'ఆహా, అలాగా!' అంటూ వంత పాడేది. బావగారు ఆఫీసు కాల్‌లో ఉంటే ఆ పోపు డబ్బా దాచడం మాకో పనైపోయింది.

ప్రదర్శన శనివారం. గురువారం సాయంత్రం వీపు మీద రెండు నీటి పొక్కులు కనిపించాయి. శుక్రవారానికి మొహం, మెడ, పొట్ట నిండాయి. డాక్టర్‌గారు చూడగానే 'ఆటలమ్మ' అన్నారు. మా అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. అక్క స్కూలుకు ఫోన్ చేస్తే, 'పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టేదాకా పంపకండి' అని చెప్పారు. సరైన మాటే చెప్పారు. వాళ్లు చెప్పకపోయినా అక్క పంపేది కాదు.

శనివారం మిగతా ఇద్దరే ఎలాగో నెట్టుకొచ్చారు. కథ చెప్పే అమ్మాయే జోకులు కూడా తన మీద వేసుకుంది. ఎవరో పంపిన వీడియోని మా పిల్ల మంచం మీద కూర్చుని చూసింది. తన మాటలు రావాల్సిన చోటల్లా పెదాలు కదిపింది.

పది రోజుల తర్వాత స్కూలుకు వెళ్లి, సాయంత్రం ఓ కాగితంతో తిరిగొచ్చింది. బుర్రకథ పుట్టుపూర్వోత్తరాల మీద పది పేజీల ప్రాజెక్టు, చేతిరాతతో. బొమ్మలతో ఒక చార్టు. గడువు మూడు రోజులు. ప్రదర్శనకు రాలేదు కాబట్టి పదికి గరిష్ఠంగా ఏడు మార్కులే.

'మామయ్యా, వాళ్లు స్టేజీ మీద మాట్లాడింది పది నిమిషాలు. నేను పది పేజీలు రాయాలా? పైగా అన్నీ కరెక్టుగా రాసినా ఏడేనంట. నేను చెప్తానంటే వినరా?' అంది.

ఈ మూడు ప్రశ్నల్లోనే మొత్తం విషయమంతా ఉంది. పని రకం మారింది, పని బరువు పెరిగింది, ఫలితం తగ్గింది. మూడూ పిల్లకు నష్టంవైపే మొగ్గాయి.

ఈ మార్కులు దేనికి?

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా పనిలో ఏ టెస్టు రాసినా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: 'దీంతో ఏం తేలాలి?' యాప్‌లో డబ్బు చెల్లింపు సరిగ్గా జరుగుతోందో లేదో తేలాలంటే, చెల్లింపు చేసి చూస్తాం. చెల్లింపుల చరిత్ర మీద వ్యాసం రాస్తే ఏమీ తేలదు. అలాగే క్లయింటుకు పని చూపించే రోజున మాలో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చూపిస్తారు, లేదా సోమవారానికి జరుపుకుంటాం. జ్వరం తగ్గి వచ్చినవాణ్ని 'డెమోల ప్రాముఖ్యం' మీద పది పేజీలు రాసుకురమ్మన్న మేనేజరు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

ఇక్కడ పది మార్కులు ఉన్నది మాట్లాడటానికి. ఉచ్చారణ, స్పష్టత, సమయానికి మాట అందుకోవడం, జట్టుతో కలిసి నడవడం. ఇవేవీ పది పేజీల వ్యాసంలో కనబడవు. అందులో కనబడేది చేతిరాత, ఓపిక, ఇంటర్నెట్లో వెతికి చూసి రాసే నేర్పు. బాగా మాట్లాడే పిల్ల బాగా రాయకపోవచ్చు. బాగా రాసే పిల్ల మైకు ముందు నోరు విప్పకపోవచ్చు. ఒకదాని మార్కు తీసుకెళ్లి ఇంకోదాని గడిలో వేస్తే ఆ రిపోర్టు కార్డు చెప్పేది అబద్ధం.

ఇంకో సంగతి. ఆ చార్టు ఎవరు చేస్తారు? ఇది అందరికీ తెలిసిన రహస్యమే. పది రోజుల జబ్బుతో నీరసించిన పిల్ల ఒకపక్క తప్పిపోయిన లెక్కలు, సైన్సు నోట్సులు ఎక్కించుకుంటూ ఉంటుంది. అమ్మ స్టేషనరీ కొట్టుకు పరిగెడుతుంది. నాన్న ఆఫీసులో రంగు ప్రింటవుట్లు తీస్తాడు. రాత్రి పదకొండింటికి ఎవరో ఒకరు స్కెచ్ పెన్నుతో హెడ్డింగులకు నగిషీలు చెక్కుతుంటారు. అలా వచ్చిన మార్కులు ఎవరివి? ప్రింటరు లేని ఇంట్లో, అమ్మానాన్నలిద్దరూ రాత్రి షిఫ్టులకు వెళ్లే ఇంట్లో అదే పిల్లకు ఎన్నొస్తాయి? ప్రదర్శనకైతే పిల్ల గొంతే కావాలి. చార్టుకు ఇంటి స్తోమతు కావాలి. బదులు పని మారడంతో పరీక్షలో కూర్చున్నవాళ్లే మారిపోయారన్నమాట.

టీచర్ల మాట కూడా వినాలి

అక్క స్కూలుకు వెళ్లి టీచర్‌గారిని కలిసింది. ఆవిడ విసుక్కోలేదు. తన ఇబ్బందులు తను చెప్పారు. అవి కొట్టిపారేసేవి కావు.

మొదటిది, స్టేజీ ఎక్కడమంటేనే సగం పరీక్ష. వందలమంది ఎదురుగా కూర్చుంటే గొంతు ఆరిపోతుంది. ఆ భయం దాటి చెప్పిన పిల్లలకూ, క్లాసులో పదిమంది ముందు చెప్పిన పిల్లకూ ఒకే మార్కులంటే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు. రెండోది, ఏమీ కోతపెట్టకపోతే వచ్చే ఏడాది స్టేజీ భయమున్న ప్రతివాడికీ ఆ రోజు కడుపునొప్పి వస్తుంది. మూడోది, సమయం. ఆవిడకు అయిదు సెక్షన్లు, సెక్షన్‌కు నలభైమంది. వ్యాసమైతే ఇంటికి తీసుకెళ్లి దిద్దుకోవచ్చు. ప్రదర్శన చూడాలంటే పీరియడ్ కావాలి. నాలుగోది, ఆ రోజు మిగిలిన ఇద్దరు పిల్లలు పడ్డ తంటాలు. ఉన్నట్టుండి మూడో మనిషి మాటలు కూడా వాళ్లే మోశారు.

ఒక్కొక్కటీ చూద్దాం. స్టేజీ ధైర్యం కూడా కొలవాల్సిందే అంటే, ప్రతి స్కూల్లో ప్రతిరోజూ ఒక స్టేజీ ఉంటుంది. దాని పేరు ప్రేయర్. మైకు ఉంటుంది, ఎదురుగా బడి మొత్తం నిలబడి ఉంటుంది, ఖర్చు రూపాయి కాదు. వార్తలు చదివాక అయిదు నిమిషాలు ఇస్తే చాలు. నిజం చెప్పాలంటే బంధువుల ముందు ఆడటం కన్నా తోటి పిల్లల ముందు ఆడటమే కష్టం.

దొంగ కడుపునొప్పుల సంగతికొస్తే, నెల రోజులు రిహార్సల్స్ చూసిన టీచర్‌కు ఎవరు ఎగ్గొడుతున్నారో, ఎవరు నిజంగా పడిపోయారో తెలియదా? డాక్టర్ చీటీ ఉండనే ఉంది. పైగా బదులు ప్రదర్శన ప్రేయర్లో ఉంటుందని ముందే తెలిస్తే, స్టేజీ భయంతో ఎగ్గొట్టేవాడికి లాభమేమీ ఉండదు. దొంగల కోసం పెట్టిన కోత నిజంగా జబ్బుపడ్డ పిల్లకు కూడా వేస్తే, ఆ కోత పడేది జబ్బు మీదే.

సమయం సమస్య మాత్రం నిజమైనదే. దానికి ఫోనుంది. పిల్ల తన భాగాన్ని ఇంట్లో ఒకే టేకులో రికార్డు చేసి పంపితే టీచర్‌గారు తీరికగా చూసుకోవచ్చు. పది పేజీలు దిద్దే సమయంలో సగం కూడా పట్టదు. ఇక మిగతా ఇద్దరు పిల్లల కష్టమంటారా, వాళ్లకు అదనంగా మెచ్చుకోలు ఇవ్వాల్సిందే. అది వాళ్ల ఖాతాలో జమ కావాలి గానీ, జబ్బు చేసిన పిల్ల ఖాతాలో ఖర్చు కాకూడదు.

పెద్ద పరీక్షల్లో లేని పట్టింపు

విచిత్రమేమిటంటే, అంత పెద్ద బోర్డు పరీక్షల దగ్గరే ఈ విషయంలో పట్టువిడుపులున్నాయి. సీబీఎస్‌ఈ ప్రాక్టికల్స్ రోజున విద్యార్థి రాలేకపోయి, తర్వాత పెట్టబోతుంటే, అతన్ని 'ఆబ్సెంట్' అని కాకుండా 'రీషెడ్యూల్డ్' అని నమోదు చేయాలని బోర్డు స్కూళ్లకు చెబుతుంది. మాటలోనే తేడా ఉంది చూడండి. ఒకటి తప్పు మోపుతుంది, ఇంకొకటి తేదీ మారుస్తుంది. మళ్లీ పెట్టేది కూడా అదే ప్రాక్టికల్. ప్రయోగం బదులు ప్రయోగశాల చరిత్ర రాయమనరు.

2021లో కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు, స్కూలు పెట్టిన పరీక్షలు వేటికీ హాజరు కాలేకపోయిన పిల్లల కోసం కూడా సీబీఎస్‌ఈ దారి చూపింది. నేరుగా గానీ, ఆన్‌లైన్లో గానీ, చివరికి ఫోన్లో ఒక్కొక్కరితో మాట్లాడి గానీ మదింపు చేసి, దానికి రుజువు దాచిపెట్టుకోవచ్చని చెప్పింది. దేశమంతటి పదో తరగతి ఫలితాలకు ఫోన్ పనికొచ్చినప్పుడు, ఎనిమిదో తరగతి బుర్రకథకు పనికిరాదా?

హాజరు విషయంలోనూ అంతే. బోర్డు పరీక్షలకు 75 శాతం హాజరు తప్పనిసరి అంటూనే, అనారోగ్యం లాంటి కారణాలకు పత్రాలు చూపిస్తే సడలింపు ఇస్తారు. తొమ్మిది, పది తరగతుల్లో ఒక్కో సబ్జెక్టుకు ఉండే 20 ఇంటర్నల్ మార్కుల్లో అయిదు ఇలాంటి కృత్యాలవే. భాషల్లో అవి వినడం, మాట్లాడటం కోసం. అంటే ఎనిమిదో తరగతిలో స్కూలు అలవాటు చేసే పద్ధతే రేపు పదో తరగతి మార్కుల దగ్గర ఎదురవుతుంది. అందుకే దీన్ని చిన్న క్లాసుల్లోనే సరిచేసుకోవాలి.

అమెరికాలో మనవాళ్ల పిల్లలకూ ఇది తెలిసిన తలనొప్పే. అక్కడ చాలా స్కూళ్లలో బ్యాండ్, ఆర్కెస్ట్రా, కోయిర్ అనేవి మార్కులుండే సబ్జెక్టులు. సాయంత్రం కచేరీకి రావడం కూడా గ్రేడులో భాగం. జ్వరమొచ్చి రాలేకపోతే కొందరు టీచర్లు ఏదైనా కచేరీ మీద వ్యాసం రాయమంటారు, కొందరు నీ భాగం వాయించి రికార్డు పంపమంటారు. డాలస్ దగ్గరున్న నా పాత సహోద్యోగి కొడుకు వయొలిన్ ఇలాగే తన గదిలో వాయించి పంపాడు. ఆ టీచర్ విని, ఒకచోట శ్రుతి తప్పిందని రాసి, మార్కులేశారట. వ్యాసం రాసి ఉంటే ఆ తప్పిన శ్రుతి గురించి ఆ పిల్లాడికి ఎప్పటికి తెలిసేది?

క్రికెట్ నేర్పిన పాఠం

ఈ చిక్కును క్రికెట్ కూడా ఎదుర్కొంది. తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు ఇంకొకర్ని దించే కంకషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధనను ఐసీసీ 2019లో తెచ్చింది. ఆ ఆగస్టులోనే లార్డ్స్ టెస్టులో స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ దిగాడు. ఆ నిబంధనకు ప్రాణం ఒక్కటే: వచ్చేవాడు వెళ్లినవాడి లాంటివాడై ఉండాలి. బ్యాటర్ బదులు బ్యాటర్. జట్టుకు నష్టం జరగకూడదు, అదనపు లాభమూ రాకూడదు.

2020 డిసెంబరులో కాన్‌బెరా టీ20లో 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచిన జడేజా బదులు చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. భారత్ గెలిచింది, చాహలే మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. ఇది నిజంగా సమానమైన బదులేనా అని పెద్ద చర్చే జరిగింది. కానీ ఎంత చర్చ జరిగినా, దెబ్బ తగిలింది కాబట్టి ఆ జట్టు పరుగుల్లో 30 శాతం కోసేద్దామని ఎవరూ అనలేదు. మన స్కూళ్లలో పదికి ఏడు అనే నిబంధన సరిగ్గా ఆ పనే చేస్తోంది.

ఒక డోసు వేసి పంపిస్తే?

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికొద్దాం. మా పిల్ల విషయం తెలిశాక అక్కతో వాళ్ల అపార్ట్‌మెంట్లో ఒకావిడ అన్న మాట ఇది: 'గురువారమే కదా మొదలైంది, శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఉండాల్సింది. మేకప్‌లో పొక్కులేం కనబడతాయి? పారాసిటమాల్ వేస్తే మూడు నాలుగు గంటలు ఆగేది, ప్రోగ్రామ్ అయిపోయేది.'

ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. మార్కుల లెక్క ఆవిడతో అలా మాట్లాడించింది. కానీ ఆటలమ్మ అంటువ్యాధి. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచీ, అన్నీ పక్కులు కట్టేదాకా పక్కవాళ్లకు సోకుతుంది. ఒంటి మీద తేలడానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు పడుతుంది కాబట్టి, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా తెలియదు. ఇక వార్షికోత్సవం రోజు గ్రీన్ రూమ్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక గదిలో వందమంది పిల్లలు, ఒకే పౌడర్ డబ్బా, ఒకే లిప్‌స్టిక్కు, ఒకే మైకు. చాలామంది పిల్లలకు ఇది తేలిగ్గానే తగ్గిపోతుంది. కానీ అదివరకు ఎప్పుడూ ఆటలమ్మ పోయని, టీకా కూడా వేయించుకోని గర్భిణికి సోకితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్లలకూ అంతే. ప్రతి స్కూల్లో అలాంటి టీచరో, ఆయమ్మో, విద్యార్థో ఉండనే ఉంటారు.

స్కూలు ఒక చేత్తో 'పంపకండి' అని రాసి, ఇంకో చేత్తో మూడు మార్కులు కోస్తే తల్లిదండ్రులు నమ్మేది రెండో చేతినే. నిజం చెప్పి ఇంట్లో ఉంచినవాళ్లు నష్టపోయారు, దాచిపెట్టి పంపినవాళ్లకు పది మార్కులొచ్చాయి అంటే, వచ్చే ఏడాది ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. నూరు శాతం హాజరుకు మెడల్ ఇచ్చే పద్ధతి కూడా ఇలాంటిదే. జబ్బు చేయకపోవడం పిల్లల ప్రతిభ కాదు, వాళ్ల అదృష్టం.

చివరికి ఏమైందంటే

టీచర్‌గారు మంచి మనసున్న మనిషి. వ్యాసం, చార్టు పక్కనపెట్టి, ఓ తెలుగు పీరియడ్ చివర్లో పదిహేను నిమిషాలు ఇచ్చారు. మిగతా ఇద్దరూ సంతోషంగా వచ్చి నిలబడ్డారు. పోపు డబ్బా మోగింది. క్లాసు నవ్వింది. టీచర్‌గారు తన కాగితం మీద పదికి తొమ్మిది వేశారు. కానీ రిపోర్టు కార్డులో మాత్రం ఏడే వచ్చింది. గైర్హాజరైతే ఏడు దాటకూడదన్నది స్కూలు నిబంధన కాబట్టి, కోఆర్డినేటర్ మార్చేశారు. అక్క మళ్లీ ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు.

ఇక్కడ మంచి టీచర్ ఉన్నా సరిపోలేదు. నిబంధన కూడా మంచిదై ఉండాలి. మంచి టీచర్ మీద మాత్రమే ఆధారపడితే, పక్క సెక్షన్‌లో అదే జబ్బు చేసిన పిల్లాడు పది పేజీలు రాస్తూ కూర్చోవాల్సిందే.

బదులు పనికి అయిదు కొలతలు

ఇంట్లో ఇన్ని రోజులు మాట్లాడుకున్నాక, మేం అయిదు మాటల దగ్గరికి వచ్చాం. స్కూళ్లకూ తల్లిదండ్రులకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ఒకటి, తప్పిపోయిన పని దేన్ని కొలిచిందో బదులు పని కూడా దాన్నే కొలవాలి. మాటకు మాట, పాటకు పాట, ఆటకు ఆట. నిజంగా కుదరనప్పుడే రాతపని.

రెండు, బరువు సమానంగా ఉండాలి. మిగతావాళ్లు నెల రోజులు సాధన చేశారు, ఈ పిల్లా చేసింది. మిగిలింది ఆ పది నిమిషాలే. బదులు పని కూడా అంతే ఉండాలి.

మూడు, డాక్టర్ చీటీ ఉన్నప్పుడు మార్కులకు అడ్డుగీత ఉండకూడదు. ఎంత బాగా చేస్తే అన్ని మార్కులు.

నాలుగు, కోలుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. కనీసం ఎన్ని రోజులు బడి తప్పిందో అన్ని రోజులు. తప్పిపోయిన మిగతా పాఠాలు కూడా ఆ పిల్ల మీదే ఉన్నాయని మర్చిపోకూడదు.

అయిదు, ఇదంతా ముందే రాసిపెట్టి ఉండాలి. జబ్బు చేశాక పెట్టే నిబంధన ఎంత మంచిదైనా ఎవరికో ఒకరికి పక్షపాతంలాగే కనిపిస్తుంది. జట్టు ప్రదర్శనలైతే ప్రతి జట్టులో ఒకరి మాటలు ఇంకొకరు కూడా నేర్చుకుని ఉంటే మిగతా పిల్లలూ ఇబ్బంది పడరు. 1885లో మొదలైన మన సురభి నాటక సమాజం కుటుంబం మొత్తాన్నీ నటులుగా తయారుచేసుకున్న నేల ఇది. ఒక క్లాసు ఆ మాత్రం తయారు కాలేదా?

తల్లిదండ్రులు కూడా వాట్సాప్ గ్రూపులో యుద్ధం మొదలుపెట్టే ముందు టీచర్‌తో ఒకసారి నేరుగా మాట్లాడండి. జబ్బు తెలిసిన రోజే చెప్పండి. డాక్టర్ చీటీ పంపండి. 'మార్కులు కలపండి' అని కాకుండా, 'ఈ మార్కులు దేనికండీ? అదే మా పిల్ల చేసి చూపిస్తుంది' అని అడగండి. ఆ ప్రశ్నకు చాలామంది టీచర్లు మెత్తబడతారు. చార్టు ఇస్తే మాత్రం దయచేసి మీరు చేసి పంపకండి. మీరు చక్కగా చేసిపెట్టినన్నాళ్లూ, చార్టులతో పని జరిగిపోతోందని స్కూలు అనుకుంటూనే ఉంటుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర వార్షికోత్సవాల కాలం. మీ పిల్లల స్కూలు నుంచి కూడా సర్క్యులర్ వస్తుంది. డ్రెస్సు రంగు, అద్దె ఎంత, ఎన్నింటికి రావాలి, ఎన్ని పాసులు అన్నీ అందులో ఉంటాయి. సంతకం పెట్టి పంపే ముందు కింద ఒక్క వాక్యం మీరు రాయండి: 'ఆ రోజు పిల్లకు ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు?' పదిమంది రాస్తే, వచ్చే సర్క్యులర్లో ఆ జవాబు అచ్చయి వస్తుంది.